లుకేమియా తగ్గాక ప్లేట్‌లెట్లు పడిపోతే?

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లప్పుడు ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కీమో పూర్తయి నాలుగేళ్లయింది. మొన్న జ్వరానికి రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 88 వేలే ఉన్నాయి. ‘ఆ మందుల వల్ల ఇంకో బ్లడ్ క్యాన్సర్ వస్తుంది’ అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, పలాస

జవాబు: నిజమేనమ్మా, కానీ అరుదు. ఈ ఒక్క అంకెతో ఆ మాట అనలేం. రిపోర్టు మాత్రం ఈరోజే పాపకి కీమో ఇచ్చిన డాక్టరుకి పంపండి.

ఆ 88 వేలు అసలు నిజమేనా అన్నది ముందు తేలాలి. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు ఉండలు కడతాయి, మిషను వాటిని లెక్కపెట్టదు. స్మియర్‌లో (గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) ఉండలు కనిపిస్తే లేత నీలం మూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీయించి, వచ్చిన అంకెని 1.1తో హెచ్చించాలి. డెంగీ అయితే జ్వరం దిగిన వారం పది రోజుల్లో వాటంతటవే పెరుగుతాయి. బొప్పాయి ఆకు రసానికి ఊరికే పేరొస్తుంది!

హిమోగ్లోబిన్, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) కూడా తగ్గుతున్నా, ఎంసీవీ (ఎర్ర కణాల సగటు సైజు) 100 దాటినా, స్మియర్‌లో బ్లాస్ట్ కణాలు (ఎదగని లేత కణాలు) ఉన్నా ఆగకూడదు. బి12 లోపంలోనూ ఎంసీవీ పెరుగుతుంది కాబట్టి అదీ చూడాలి. ఆ తర్వాత తుంటి ఎముక నుంచి మూలుగ పరీక్ష. పాత జబ్బే తిరగబెట్టిందా, కొత్తదా అన్నది ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తుల్ని బట్టి వాటి రకం తేల్చే పరీక్ష), క్రోమోజోమ్ పరీక్షలే చెబుతాయి. పాతదైతే లింఫాయిడ్ (లింఫోసైట్ అనే తెల్ల కణాల జాతి) గుర్తులుంటాయి. మందుల వల్ల వచ్చేది ఎక్కువగా మైలాయిడ్ (మూలుగలో పుట్టే మిగతా రక్తకణాల జాతి) రకం. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులతో వచ్చేది సాధారణంగా 5–10 ఏళ్లకి, ముందు ఎండీఎస్‌గా (మూలుగ రక్తకణాల్ని సరిగా తయారు చేయలేని జబ్బు) మెల్లగా మొదలవుతుంది. 5, 7 క్రోమోజోములు దెబ్బతిని ఉంటాయి. ఎటోపొసైడ్ అనే కీమో మందు వల్లనైతే 1–3 ఏళ్లలోనే హఠాత్తుగా వస్తుంది. కొత్త జబ్బుకి చాలాసార్లు మూలుగ మార్పిడి దాకా వెళ్లాలి, పాత మందులే మళ్లీ ఎక్కిస్తే సరిపోదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు స్టెరాయిడ్. జ్వరం తగ్గాలని ఊళ్లో డెక్సామెథాసోన్ సూది వేస్తారు. లింఫాయిడ్ బ్లాస్టులు దానికి కరిగిపోయి, మూలుగ పరీక్షలో జబ్బు దొరక్కుండా పోవచ్చు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఒంటిమీద ఎర్రచుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

చికిత్స చేసిన చోటికే వెళ్లడం మేలు. అది దూరమైతే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఎక్కడికెళ్లినా పాత ఫైలు వెంట ఉండాలి: ఏ మందు మొత్తం ఎంత ఎక్కింది, తలకి రేడియేషన్ ఇచ్చారా, మొదటి ఫ్లో రిపోర్టు. డిశ్చార్జి కాగితం ఒక్కటీ చాలదు.