పొద్దటి గుడాలు, మా నాయిన మోకాళ్లు

ఏ వయసులో ప్రొటీన్ ఎప్పుడు తినాలి, టైమును బట్టి మెటబాలిజం (ఒంట్లో కేలరీలు ఖర్చయ్యే తీరు) మారుతుందా అని అడిగారు. మా వాడికి 22 ఏళ్లు, జిమ్ నుంచి వచ్చిన అరగంటలో పౌడర్ తాగకపోతే కష్టమంతా వేస్ట్ అని డబ్బా మోసుకుని తిరుగుతాడు. ఆ వయసులో రోజు మొత్తానికి సరిపడా తింటే చాలు, గంట అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు. పూట లెక్క చూసుకోవాల్సింది అరవై దాటినవాళ్లు.

మా నాయినకు 68, నకిరేకల్ దగ్గర పల్లె. పోయిన దసరాకు ఇంటికి పోతే నులక మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి, లేవబోయి, మళ్లీ కూలబడి, రెండోసారికి లేచాడు. ఏంది నాయినా అంటే "ఫ్లోరైడ్ నీళ్లు తాగిన కాళ్లు బిడ్డా" అన్నాడు. మా నల్లగొండలో మోకాళ్లు పట్టేస్తే ముందు నోటికొచ్చేది అదే, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మర్రిగూడ దిక్కు మనుషుల్ని చూసినవాళ్లెవరూ కాదనలేరు కూడా. డాక్టర్ మాత్రం ఎక్స్‌రే చూసి, ఎముకలు బాగానే ఉన్నాయి, కండ కరిగింది, ఏం తింటున్నారు అన్నాడు.

తినేదేముంది, పొద్దున చాయ, రెండు రస్కులు. పగలు పచ్చిపులుసు అన్నం. పప్పయినా మటనయినా రాత్రికే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే 60 కిలోల మనిషికి 50. పైగా ముసలితనంలో కండకు చెవుడు వచ్చినట్టే, నాలుగైదు గ్రాములకు పలకదు, ఒక్క పూటలో 25 దాకా పడాలి. రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారని ఊరంతా సంబరం, పప్పు సంగతి అడిగేవాడు లేడు!

అమ్మతో చెప్పి పొద్దున ఓ గిన్నెడు బొబ్బెర గుడాలు (ఉడకబెట్టిన అలసందలు), రెండు ఉడకబెట్టిన గుడ్లు మొదలుపెట్టించాను. గుడ్డుకు 6 గ్రాములు, మిగతాది గుడాలు చూసుకుంటాయి. "నేనేమన్నా పహిల్వాన్‌నా" అని రోజూ గొణుగుడే, శనివారం గుడ్డు ముట్టడు, ఆ రోజు పెసర్లు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇలా చేయకండి.

మెటబాలిజం అంటారా, ప్రొటీన్ అరగడానికే దాని కేలరీల్లో 20-30 శాతం ఖర్చవుతుంది, ఏ పూట తిన్నా. ఊరికే కూర్చున్నా కండ కూడా కొన్ని కేలరీలు ఖర్చు పెడుతుంది, అది పోయాక ఏ టైముకు తింటే ఏం లాభం?

ఉగాదికి పోతే ఒక్క చేత్తో లేచాడు. గుడాల మహిమే అన్నాన్నేను. మంచం నులక బిగించి కట్టించాం కదా, అందుకే అంటుంది అమ్మ.