ఎంజీబీ వేడెక్కాక మిస్ కొడుతోందా? కార్బ్యురేటర్లు వదిలేయండి

మీ 1967 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, బాగా వేడెక్కాక మిస్ కొడుతోందని, ఎస్‌యూ కార్బ్యురేటర్లు రెండూ విప్పి కడిగినా మార్పు లేదని రాశారు కదా. ఇక వాటి జోలికి వెళ్లకండి, ఇది ఇగ్నిషన్ (పెట్రోలును స్పార్క్‌తో అంటించే వ్యవస్థ) గొడవలాగే ఉంది.

ముందు పైసా ఖర్చు లేని పని: మిస్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం మీటర్ ముల్లు చూడండి. మీ మోడల్లో ఆ మీటర్ కాయిల్‌కి (స్పార్క్ కోసం వోల్టేజీ పెంచేది) వెళ్లే కరెంటును బట్టే తిరుగుతుంది కాబట్టి, ముల్లు కూడా ఎగిరెగిరి పడుతుంటే లోపం పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి కలిపే స్విచ్), కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపును ఆపే చిన్న పార్టు), వాటి వైర్ల వైపు. ఇంజిన్ తడబడుతున్నా ముల్లు నిలకడగా ఉంటే రోటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కి పంచుతూ తిరిగే ముక్క), క్యాప్ (దాని పైమూత), ప్లగ్ వైర్ల వైపు.

వేడికి చచ్చేది ఎక్కువగా కండెన్సరే. డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు, రోటర్ ఉండే డబ్బా) లోపలి ప్లేటుకున్న చిన్న ఎర్త్ వైరు కూడా లాగి చూడండి, వాక్యూమ్ అడ్వాన్స్‌కి (ఇంజిన్ పీల్పును బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపేది) ప్లేటు కదిలినప్పుడల్లా వంగి లోపల తెగుతుంది, పైతొడుగు మాత్రం చక్కగా కనిపిస్తుంది (మెకానిక్‌లు కూడా దీన్ని దాటేస్తారు). రోటర్‌కి మధ్యలో రివెట్ ఉంటే అనుమానించండి, స్పార్క్ దాని గుండా షాఫ్ట్‌లోకి పోవచ్చు. ఒక్కోసారి ఒక్క పార్టే మార్చండి. పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, అది కదిలిస్తే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మళ్లీ పెట్టాల్సిందే.