యురేనియం, ప్లుటోనియం రెండూ టీబీపీలోకే పోతే విడదీసేదెలా? – సమాధానం

తమ్ముడూ, రణస్థలం నుంచి మంచి ప్రశ్న అడిగావు. అణు రియాక్టర్లో వాడేసిన ఇంధనాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తే యురేనియం, ప్లుటోనియం రెండూ కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ (టీబీపీ) అనే ద్రవంలోకే పోతాయి కదా, మరి వేరయ్యేదెక్కడ అని.

కిటుకంతా ఆక్సీకరణ స్థితిలో, అంటే పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందనే లెక్కలో ఉంది. అప్పటికి యురేనియం +6లో, పసుపు రంగు యురనైల్ అయానుగా ఉంటుంది. ప్లుటోనియం +4లో ఉంటుంది. ఈ రెండింటినీ టీబీపీ పట్టుకుంటుంది. ఇప్పుడు యురేనస్ నైట్రేట్ (+4 యురేనియం లవణం) లాంటి క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లిచ్చే పదార్థం కలిపితే ప్లుటోనియం +3కి దిగుతుంది. +3ని టీబీపీ పట్టుకోదు, అందుకని అది నీలి రంగులో కింది నీటి పొరలోకి దిగిపోతుంది. యురేనియం పైన తేలే టీబీపీ-కిరోసిన్ పొరలోనే ఉండిపోతుంది. నువ్వు పెట్టిన నోట్సులో ఈ మెట్టే లేదు, అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఇంకోటి, ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) సంగతి దీంతో కలిపేయకు. యురేనియం-235, 238 ఒకే మూలకం కాబట్టి వాటినిలా విడదీయలేం, దానికి గిర్రున తిప్పి బరువు తేడాతో వేరుచేసే సెంట్రిఫ్యూజులు కావాలి. ప్లుటోనియం వేరే మూలకం. రియాక్టర్లో యురేనియం-238 ఒక న్యూట్రాన్‌ను మింగి, రెండుసార్లు బీటా కణం వదిలి, నెప్ట్యూనియం మీదుగా ప్లుటోనియం-239 అవుతుంది.

మీ కొవ్వాడలో ప్రతిపాదించిన రియాక్టర్లు వచ్చినా ఇంధనంలో జరిగేది ఇదే. విడదీసే ప్లాంట్లు మాత్రం వేరు, మన దేశంలో తారాపూర్, కల్పాక్కంలో ఉన్నాయి.