తమ్ముడు ఉద్యోగం మానేసినా అమ్మ పింఛన్ ఆగిందన్న ప్రశ్నకు సమాధానం

తప్పు మీ దరఖాస్తులో ఉండకపోవచ్చు. మీ తమ్ముడి పాత ఔట్‌సోర్సింగ్ జీతం రికార్డు ఇంకా మూసి ఉండకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పథకాలకు అర్హత చూసే ఆరు అంచెల తనిఖీ అమ్మ ఆధార్‌తో ఆగదు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఒకే కుటుంబంగా నమోదైన వాళ్ల జాబితాలో) ఉన్న అందరి ఆధార్లనూ చూస్తుంది. ఒక్కరి పేరు జీతాల డేటాలో కనిపించినా "ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారు" అని వచ్చేయొచ్చు.

1. మీ గ్రామ/వార్డు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని తిరస్కరణ కారణం స్క్రీన్ మీద చూపించమనండి. ఎవరి ఆధార్, ఏ శాఖ అన్నది రాసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. నోటరీ అఫిడవిట్ తెచ్చి సచివాలయంలో ఇచ్చేసి ఊరుకుంటారు. దానివల్ల రికార్డు మారదు. తమ్ముడు పనిచేసిన ఆఫీసులో జీతం బిల్లు పెట్టే అధికారిని (డీడీవో) కలవాలి. ఏ తేదీన మానేశాడో రాసిన రిలీవింగ్ లెటర్ తీసుకోండి, జీతాల జాబితాలో అతని ఐడీ మూసేయమని రాతపూర్వకంగా అడగండి. మా పిన్ని విషయంలో ఈ ఒక్క కాగితం కోసమే నాలుగు నెలలు పోయాయి, ఆవిడ మందులకు అప్పు చేయాల్సి వచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

3. ఆ లెటర్, తమ్ముడి బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టించండి. రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు.

4. తమ్ముడికి పెళ్లై వేరు కాపురం ఉంటే, మ్యాపింగ్‌లో విడదీయడానికి కూడా అప్పుడే అడగండి.

రికార్డు మారిందని స్క్రీన్ మీద చూశాకే మళ్లీ దరఖాస్తు పెట్టండి.