కృష్ణజింకలను పొలాల నుంచి పట్టి అభయారణ్యంలో వదిలేస్తే సరిపోదా?

నంద్యాల జిల్లా రోళ్లపాడు చుట్టుపక్కల కృష్ణజింకలు మొలకలు మేసేస్తున్నాయి, పట్టుకెళ్లి అభయారణ్యంలో వదలొచ్చు కదా అని అడిగారు. పట్టడం సాధ్యమే. వదలడానికి చోటు ఎక్కడన్నదే చిక్కు.

రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 6 చదరపు కిలోమీటర్లే. రక్షణ దొరికి జింకలు పెరిగాయి, లోపలి గడ్డి చాలక శనగ, వేరుశనగ చేలలో పడుతున్నాయి. ఆ మందను మరో చిన్న చోటికి తోలితే అక్కడి రైతుకూ ఇదే గోడు.

పట్టే పద్ధతి కూడా సున్నితమైనది. వలలేసి తరిమితే పరుగుకీ భయానికీ కండరాలు దెబ్బతిని, మూత్రపిండాలు పాడై, వదిలిన కొన్ని రోజులకు కూడా చనిపోవచ్చు. అందుకే 'బోమా' వాడతారు: గరాటులా మొదట వెడల్పుగా ఉండి, పోనుపోను ఇరుకై లారీ ర్యాంపు దగ్గర ముగిసే దారి. పక్కలకు అవతలిది కనిపించని తెర కడతారు. వెలుతురు కనిపించే సందు ఒక్కటున్నా జింక అక్కడే గుద్దుకుంటుంది. 2025లో మధ్యప్రదేశ్ షాజాపూర్ జిల్లాలో హెలికాప్టర్‌తో మందల్ని ఇలా బోమాలోకి మళ్లించారు.

నా ఉద్దేశంలో డబ్బూ శ్రమా ముందు గడ్డి మీద పెట్టాలి. కృష్ణజింక బయలు జంతువు. దూరం నుంచే తోడేలును చూసి పరుగెత్తి బతుకుతుంది, చెట్లు కమ్మేస్తే ఆ బలం పోతుంది. కర్ణాటకలోని రాణిబెన్నూరు అభయారణ్యంలో యూకలిప్టస్ తోటలు వేసి మేత బయళ్లు పోగొట్టారు. గుజరాత్‌లోని వేలావదర్ 34 చదరపు కిలోమీటర్లే అయినా, గడ్డి ఉంది కాబట్టే పెద్ద మందలు నిలిచాయి. అక్కడా సర్కారు తుమ్మతో పోరు తప్పలేదు. కాయలు జింకలే తింటాయి, పేడతో విత్తనాలు చల్లేస్తాయి. కాబట్టి కాయ పండక ముందే తుమ్మను తీసే పని మొదలుపెట్టాలి. నేల మట్టానికి నరికితే మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. మొదలు చుట్టూ తవ్వి, జానెడున్నర లోతున వేరు తెగ్గొట్టి మొత్తం పెకలించాలి. తర్వాతి వానలకు మొలిచిన పిలకల్ని వదిలేస్తే పడిన కష్టమంతా వృథా.

ఇక మీ పొలం సంగతి. బెదిరితే ఎగురుతాయి గానీ, మామూలుగా కంచె కింద నుంచే దూరతాయి. కింది తీగకూ నేలకూ జానెడు కన్నా ఎక్కువ సందు ఉండకూడదు. కరెంటు తీగ, ఉచ్చు జోలికి పోవద్దు: ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు, చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. మేసిన చేను ఫోటోలు తీసి, దున్నేయక ముందే అటవీ రేంజ్ కార్యాలయంలో నష్టపరిహారానికి అర్జీ పెట్టండి. ఒడ్డు లేని బావి ఉంటే చుట్టూ గోడ కట్టించండి, రాత్రిళ్లు అందులో పడి చస్తాయి. గడ్డిలో కదలకుండా పడుకున్న పిల్ల కనిపిస్తే ముట్టుకోకండి. తల్లి దాన్ని దాచి మేతకు వెళ్లి ఉంటుంది, పాలివ్వడానికి తిరిగొస్తుంది. ఊరకుక్కలు అటు రాకుండా చూస్తే చాలు.