పీవీకి భారతరత్న ఇవ్వాలని అసెంబ్లీ తీర్మానం చేసింది కదా, అలాంటి తీర్మానాన్ని కేంద్రం పాటించి తీరాలా?

అక్కర్లేదు. అది సభ తరఫున వెళ్లే విన్నపమే తప్ప ఆదేశం కాదు.

కారణం, నిర్ణయించే అధికారం సభ చేతిలో లేకపోవడం. భారతరత్నకు పేరు సూచించేది ప్రధాని, ఇచ్చేది రాష్ట్రపతి. ఆ వరుసలో అసెంబ్లీకి చోటే లేదు. సభ్యులు ఆ మనిషి సేవలను తలచుకుంటారు, చివర్లో 'కేంద్రాన్ని కోరుతున్నాం' అన్న వాక్యం వస్తుంది, స్పీకర్ 'అనుకూలంగా ఉన్నవారు' అని అడిగి ఆమోదించామంటారు. తీర్మానం నకలు ఢిల్లీకి వెళ్తుంది. అంతవరకే సభ పని.

పీవీ శతజయంతి ఏడాదిలో, 2020 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఈ తీర్మానం చేసింది. పురస్కారం ప్రకటించింది 2024 ఫిబ్రవరి 9న. నడుమ మూడేళ్లకు పైగా గడిచింది. తీర్మానం వల్లే వచ్చిందనడానికీ లేదు. అదే ఏడాది చరణ్‌సింగ్, స్వామినాథన్, కర్పూరీ ఠాకూర్, అద్వానీలకూ ఇచ్చారు.

చాలామంది పొరపాటు పడేది 'ఏకగ్రీవం' అన్న మాట దగ్గర. అందరూ ఒప్పుకున్నారంటే రాజకీయంగా బరువు పెరుగుతుంది, నిజమే. చట్టబలం మాత్రం రాదు. విశాఖ ఉక్కును ప్రైవేటుపరం చేయొద్దంటూ 2021 మేలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ చేసిన తీర్మానమూ ఈ కోవలోదే. కార్మికులకు అది అండ, కేంద్రానికి మాత్రం ఒక వినతిపత్రం. శాసనసభ చేసింది కాబట్టి శాసనమే అనుకోవడం, పేరు తెచ్చిన తంటా.