గాలంతో భీమిలి తీరానికి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు ఉన్న తీరంలో గాలం వేసి చేపలు పట్టాలన్న కోరికతో వచ్చిన ఉత్తరాలకు ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాము. రాసినవారిలో ఎక్కువమంది ముందుగా సెలవులు చూసుకుని, ఆ తరువాత సముద్రం గురించి అడిగారు. ఆ వరుస తిరగబడితేనే ప్రయాణం ఫలిస్తుందన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం. చిన్నప్పటి నుంచి ఊరి చెరువుల్లో గాలం వేసిన అనుభవం ఉంది. పిల్లలకు వేసవి సెలవులు కాబట్టి మే నెలలో మూడు రోజులు భీమిలిలో గడపాలని అనుకుంటున్నాము. ఆ సమయంలో వేట నిషేధం ఉంటుందని ఒకరు చెప్పారు. అది మాకు కూడా వర్తిస్తుందా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

సమాధానం: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, తూర్పు తీరం పొడవునా మరబోట్లు, ఇంజను బిగించిన పడవలు సముద్రంలో వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకునే కాలం కావడం వల్ల ఈ నిషేధం పెట్టారు. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. నిషేధం ప్రధానంగా పడవల గురించినది కాబట్టి, ఒడ్డున నిలబడి గాలం వేయాలనుకునే మీకు అది పెద్ద అడ్డంకి కాదు. అయినా మే నెల వద్దనే చెబుతాను. ఉదయం ఎనిమిది దాటితే ఇసుక మీద కాలు పెట్టలేరు, ఉక్కపోతకు పిల్లలు రెండో రోజుకే గదిలోంచి కదలరు. పడవలన్నీ ఒడ్డుకు చేరి ఉంటాయి కాబట్టి ఎరకు తాజా రొయ్య, కవళ్ళు దొరకడం కష్టమవుతుంది, దొరికినా ధర మండిపోతుంది. పైగా బంగాళాఖాతంలో తుపానులు పుట్టే నెలల్లో మే కూడా ఒకటి.

మిగిలిన ఏడాదిని చూద్దాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు కెరటాలు పెద్దవిగా లేస్తాయి, ఒడ్డు నుంచి విసిరిన గాలం నిలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీదనే తీరం దాటిన సంగతి అక్కడివారెవరూ మరచిపోలేదు. జనవరి రెండో సగం నుంచి మార్చి చివరి దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, నీరు కూడా తేటపడుతుంది. సంక్రాంతి మూడు రోజులూ రైళ్ళలో, హోటళ్ళలో చోటు దొరకదు కాబట్టి, గణతంత్ర దినోత్సవానికి అటూ ఇటూ గానీ, మహాశివరాత్రి సెలవుకు గానీ పెట్టుకుంటే మీ పిల్లల చదువుకూ పెద్ద ఇబ్బంది ఉండదు.

నెల నిర్ణయించుకున్నాక పంచాంగం తెరవండి. అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూ రెండు మూడు రోజులు ఆటుపోట్ల మధ్య నీటిమట్టంలో తేడా విశాఖ దగ్గర సుమారు ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో అది బాగా తగ్గిపోతుంది. చేప మేతకు వచ్చేది నీరు కదులుతున్నప్పుడే కాబట్టి, ముఖ్యంగా నది ముఖద్వారంలో, అష్టమి రోజుల కంటే అమావాస్య, పౌర్ణమి రోజులు మేలు. శివరాత్రి బహుళ చతుర్దశి నాడు వస్తుంది, మర్నాడే అమావాస్య, అందుకే ఆ సెలవును ప్రత్యేకంగా సూచించాను. రోజుకు రెండు పోట్లు వస్తాయి, పోటు సమయం రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తెల్లవారుజామున పోటు ఎక్కుతూ ఉండే రోజులను ఆటుపోట్ల పట్టికలో చూసుకుని, టికెట్లు ఆ తరువాతే కొనండి.

బయలుదేరే ముందు రోజు హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఇచ్చే అలల ఎత్తు సూచనను తప్పక చూడండి. ఉపగ్రహాల ద్వారా సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చదనాన్ని గమనించి చేపలు ఎక్కువగా ఉండే చోట్లను మత్స్యకారులకు చెప్పేది కూడా ఆ సంస్థే. అయితే ఆ సూచన పడవల మీద దూరం వెళ్ళేవారి కోసం, ఒడ్డున ఉన్న మీకు అలల ఎత్తే ముఖ్యం. ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేస్తే తుపాను ఇంకా దూరంగా ఉన్నట్టు, మూడో నంబరు ఎగరేస్తే ఈదురుగాలుల ముప్పు రేవు దాకా వచ్చినట్టు. మూడో నంబరు ఉన్నప్పుడు గాలం సంచి విప్పవద్దు.

ప్రశ్న: మత్స్యకారులకు కొంత డబ్బిచ్చి వారి పడవలోనే లోపలికి వెళ్ళి చేపలు పట్టవచ్చా? అసలు అనుభవం అదేనని మిత్రులు అంటున్నారు. (ఒక పాఠకుడు, కర్నూలు)

సమాధానం: వద్దు. వేట కోసం నమోదైన పడవ ప్రయాణికులను ఎక్కించుకునే పడవ కాదు. ఏదైనా జరిగితే మీకు బీమా రాదు, పడవ యజమాని కేసులో ఇరుక్కుంటాడు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగిన తరువాత రాష్ట్రంలో ప్రయాణికుల పడవల మీద నిఘా పెరిగింది. పెరగవలసిందే కూడా.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఈ తీరంలో ప్రమాదం నడిసముద్రంలో కంటే ఒడ్డు దగ్గరే ఎక్కువ. తెప్ప గానీ ఫైబర్ బోటు గానీ విరిగే కెరటాలను దాటే ఆ కొద్ది నిమిషాల్లో, రెండు కెరటాల మధ్య సందు చూసి మత్స్యకారులు ఒక్క ఊపున పడవను తోస్తారు. అప్పుడు అలవాటు లేని మనిషి భయపడి ఒక పక్కకు ఒరిగితే చాలు, పడవ అడ్డం తిరుగుతుంది. ఇక గాలపు తాడును అరచేతికి చుట్టుకుని కూర్చోవడం వినోదయాత్రికులు ఎక్కువగా చేసే పని. కొమ్ముకోనాం వంటి పెద్ద చేప తగిలి, తాడుతో సహా మనిషిని నీళ్ళలోకి లాక్కుపోయిన ఘటన ఈ తీరంలో అనుభవజ్ఞులైన వేటగాళ్ళకే ఎదురైంది.

ప్రయాణికులకు అనుమతి ఉన్న పడవ దొరికి, దాని నిర్వాహకులు గాలం వేయడానికి ఒప్పుకుంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా మనిషికొక లైఫ్ జాకెట్ ఉందో లేదో చూసుకుని, దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకోకుండా ఒంటికి తొడుక్కోండి, తిరిగి వచ్చే వేళను ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పి వెళ్ళండి. సముద్రంలో ఆపద వస్తే కోస్టుగార్డు నంబరు 1554, తీర పోలీసుల నంబరు 1093. మత్స్యకారుల అనుభవం తెలుసుకోవాలనుకుంటే పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు వెళ్ళి, వలల్లోంచి చేపలు ఏరడం అయ్యేదాకా ఆగి, ఆ తరువాత పలకరించండి. ఆ రోజు నీరు ఎటు లాగుతోందో, ఏ చేప పడుతోందో వారి కంటే బాగా చెప్పగలవారు లేరు. పడవ దగ్గరికి వెళ్ళేటప్పుడు చెప్పులు విడవడం మర్యాద.

ప్రశ్న: చెరువులో వాడే రాడ్డు, రీలు సముద్రానికి పనికివస్తాయా? భీమిలిలో గాలం వేయడానికి మంచి చోటు ఏది? (ఒక పాఠకుడు, నిజామాబాదు)

సమాధానం: రాడ్డు పొట్టిదైతే పనికిరాదు, రీలు ఉప్పు తగిలితే ఎక్కువ కాలం బతకదు. ఒడ్డు నుంచి విసరడానికి తొమ్మిది, పది అడుగుల రాడ్డు, 4000 నుంచి 6000 సైజు స్పిన్నింగ్ రీలు, 20 నుంచి 30 పౌండ్ల బరువు ఆపగల అల్లిక దారం సరిపోతాయి. దారం చివర ఒక మీటరు మేర 40 పౌండ్ల మందపాటి లీడరు తప్పనిసరిగా కట్టండి. పండుగప్ప మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది, తల విదిలించినప్పుడు సన్నని దారం తెగిపోతుంది. అదే కారణంగా చేప చేతికి వచ్చాక మొప్పల దగ్గర వేళ్ళు పెట్టకుండా కింది దవడ పట్టుకోవాలి. ఇసుకలో ఎర నిలవాలంటే గుండ్రటి సీసపు గుండు దొర్లిపోతుంది కాబట్టి, 60 నుంచి 100 గ్రాముల కోణాల గుండు తీసుకోండి.

చోటు విషయానికి వస్తే, కొత్తవారికి గోస్తనీ నది సముద్రంలో కలిసే ముఖద్వారమే మొదటి ఎంపిక. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట చిన్న చేప, రొయ్య పోగవుతాయి, వాటి కోసం పండుగప్ప, మాగ, పార, జెల్ల వస్తాయి. పోటు ఎక్కుతున్నప్పుడు లోపలి వైపుకు, నీరు తీస్తున్నప్పుడు ముఖద్వారం వైపుకు జరగండి. అయితే నీరు తీసే వేళ అక్కడి లాగుడు మనిషిని సముద్రంలోకి ఈడ్చేంత బలంగా ఉంటుంది కాబట్టి, మోకాలి లోతు దాటవద్దు. ముఖద్వారంలో ఇసుకమేటలు రుతువుతో పాటు జరుగుతాయి, నిరుడు నిలబడిన చోట ఈ ఏడు లోతు ఉండవచ్చు.

బతికిన రొయ్యను ఎరగా వాడగలిగితే అంతకు మించినది లేదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే దాని తలలో ఒక నల్లని మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చకు తగలకుండా, ముందున్న కొమ్ము కింద గాలపు మొన గుచ్చితే రొయ్య చాలాసేపు బతికి ఈదుతూనే ఉంటుంది, మచ్చకు తగిలితే అప్పుడే చచ్చిపోతుంది. కనుమసక వేళలో ఈ పని కుదరదు, కాబట్టి నుదుటి దీపం వెంట ఉంచుకోండి.

తీరం వెంట ఉన్న రాతి గట్ల మీద పెద్ద చేపలు పడతాయన్న మాట నిజమే. కొండలు నేరుగా సముద్రంలోకి దిగే అందం ఈ తీరానిదే, ప్రమాదమూ ఆ చోటనే. నాచు పట్టిన రాయి తడిగా ఉందంటే కెరటం అక్కడిదాకా వస్తోందని అర్థం. పొడిగా ఉన్న రాయి మీదనే నిలబడాలి, ఒంటరిగా వెళ్ళకూడదు. యారాడ, డాల్ఫిన్స్ నోస్ ప్రాంతాలలోనూ, భీమిలి దారిలోనూ నావికాదళానికి చెందిన స్థలాలు ఉన్నాయి. హద్దుల బోర్డు కనిపించిన చోట చేపల కోసమైనా, ఫొటో కోసమైనా లోపలికి అడుగు వేయవద్దు.

ఒక మనవి. పండుగప్పలు మగవిగా పెరిగి, పెద్దయ్యాక ఆడవిగా మారుతాయి. బాగా పెద్దవి చాలావరకు ఆడవే. అలాంటిది పడితే ఫొటో తీసుకుని వదిలిపెట్టండి, తినడానికి రెండు కిలోల చేపే రుచి.

ప్రశ్న: ఫిబ్రవరిలో డల్లాస్ నుంచి స్వస్థలం విశాఖకు వస్తున్నాను. నా గాలాల సరంజామా తెచ్చుకోవచ్చా? (ఒక పాఠకుడు, డల్లాస్)

సమాధానం: తెచ్చుకోవచ్చు, గాలాలను, రాడ్లను చెక్-ఇన్ సామానులో పెట్టండి. కానీ ఉపగ్రహ ఫోను గానీ, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చేతి పరికరం గానీ ముందస్తు అనుమతి లేకుండా భారతదేశానికి తేకూడదు. అమెరికాలో అది సాధారణ భద్రతా సామగ్రి, ఇక్కడ విమానాశ్రయంలో పట్టుబడితే కేసు. మీరు వస్తున్న ఫిబ్రవరిలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉన్న జీవులు, తిమింగలపు సొరకు కూడా 2001 నుంచి ఆ రక్షణ ఉంది. తాబేలు గాలానికి తగిలితే దారం పట్టి పైకి లాగవద్దు. దగ్గరికి రానిచ్చి, వీలైనంత పొట్టిగా దారం కత్తిరించి, అటవీశాఖకు తెలపండి.

ప్రశ్న: మావారు, పిల్లలు రోజంతా గాలం పట్టుకుని కూర్చుంటారు. అత్తయ్యగారు, నేను ఏం చూడవచ్చు? పిల్లలకు ఏదైనా గుచ్చుకుంటే ఏం చేయాలి? పట్టిన చేపను రాజమహేంద్రవరం దాకా తేవడం ఎలా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

సమాధానం: మీరు ఉదయం తొట్లకొండ బౌద్ధారామం, ఎండ తగ్గాక ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో దీపస్తంభం, డచ్చివారి సమాధులు చూడవచ్చు. అత్తయ్యగారికి ఎక్కువ నడక కష్టమైతే ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగకుండా అంచు నుంచే చూపించండి. పిల్లలు కెరటాల్లో దిగుతామంటే మాత్రం ఒప్పుకోవద్దు. విశాఖ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. దానిలో చిక్కిన మనిషి ఒడ్డు వైపుకు ఈదితే అలసిపోతాడు, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదితేనే బయటపడతాడు.

పిల్లలకు ఎక్కువగా గుచ్చుకునేది జెల్ల ముల్లు. రెక్కల దగ్గర ఉండే ఆ ముల్లుకు విషం ఉంటుంది, నొప్పి మోచేతి దాకా పాకుతుంది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల నీటిలో, అరగంటకు పైగా ఆ చేతిని ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని ముందు మీ చేతితో చూడండి. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పెరుగుతున్నా ఆసుపత్రికి వెళ్ళాలి. టేకు చేప తోకలో ఉండే ముల్లు ఇంకా లోతుగా దిగుతుంది, కాబట్టి టేకు పడితే పెద్దవాళ్ళే దారం కత్తిరించాలి. పట్టగానే పొట్ట ఉబ్బించుకుని బంతిలా మారే చేప కనిపిస్తే ఎంత ముద్దుగా ఉన్నా కూరకు పెట్టవద్దు, దాని విషం ఉడికినా పోదు.

చేపను తేవడంలో మెలకువంతా మొదటి గంటలోనే ఉంది. పట్టిన వెంటనే మొప్పలు, పేగులు తీసి, కడిగి, పొట్టలో కూడా ఐసు నింపండి. ఎంత బరువు చేప ఉంటే అంత బరువు ఐసు ఉండాలన్నది మన ఎండలకు పాటించవలసిన లెక్క. కానాగంతలు, సూర వంటి చేపలు ఎండలో కాసేపు ఉంటే చాలు, వాటిలో పుట్టే పదార్థం ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి తెస్తుంది, ఎంత ఉడికించినా అది పోదు. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు, మధ్యలో చేప, పైన ఐసు వరుసగా పేర్చి, మూతకు టేపు వేసి, మొత్తాన్ని మందపాటి పాలిథిన్ సంచిలో కట్టండి. రైలు పెట్టెలో నీరు కారితే తోటి ప్రయాణికులు ఊరుకోరు. ప్రయాణం నాలుగు గంటలు మించితే మధ్యలో ఏదైనా పెద్ద స్టేషనులో దిగి ఐసు కొనే వీలుండదు కాబట్టి, బయలుదేరే ముందే కాస్త ఎక్కువ వేసుకోండి.